వయసు మళ్లిన పురుషులు ఒంటి బలాన్ని నిలుపుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

అరవై దాటిన పురుషులు చాలామంది తమ బరువు పెరగలేదు కాబట్టి ఒళ్లు బాగానే ఉందని అనుకుంటారు. తూకంలో అంకె ఇరవై ఏళ్లుగా మారకపోయినా, ప్యాంటు తొడల దగ్గర వదులై నడుము దగ్గర బిగుతైందంటే, లోపల కండ తరిగి ఆ మేరకు కొవ్వు చేరిందని అర్థం. ముప్పై ఏళ్లు దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతూ వస్తుంది, అరవై తర్వాత ఈ తరుగుదల మరింత వేగం అందుకుంటుంది. కండ తగ్గే వేగం కన్నా బలం తగ్గే వేగం ఎక్కువ. బలం కన్నా కూడా ముందుగా పోయేది చురుకుదనం, అంటే ఉన్న బలాన్ని క్షణంలో వాడగలిగే శక్తి.

దీనికి కారణం కండరంలోనే కాదు, దాన్ని నడిపించే నరాల్లో కూడా ఉంది. వెన్నుపాములో కండరాలకు ఆజ్ఞలు పంపే నాడీకణాలు వయసుతో పాటు కొన్ని నశిస్తాయి. వాటి అధీనంలోని కండర తంతువుల్లో కొన్నింటిని పక్కనున్న నాడీకణాలు అందుకుంటాయి, అందుకోలేనివి క్షీణించిపోతాయి. ఈ నష్టం నెమ్మదిగా పనిచేసే తంతువుల కన్నా వేగంగా పనిచేసే తంతువుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. కాలు తట్టుకున్నప్పుడు రెండో కాలిని రెప్పపాటులో ముందుకు వేసి మనిషిని నిలబెట్టేవి ఈ వేగపు తంతువులే కనుక, వయసు మళ్లినవారు పడిపోవడం వెనక ఈ మార్పు పాత్ర చాలా ఉంది.

పోయిన బలం తిరిగి వస్తుందా అనే ప్రశ్నకు గట్టి జవాబు చాలాకాలం క్రితమే దొరికింది. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో పరిశోధకురాలు మరియా ఫియాటరోన్ బృందం వృద్ధాశ్రమంలో ఉంటున్న, సగటున 90 ఏళ్ల వయసున్న బలహీనులైన వృద్ధుల చేత 8 వారాల పాటు కాళ్లకు బరువైన వ్యాయామం చేయించింది. వారి తొడ బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ సుమారు 9 శాతం పెరిగింది. ఈ రెండు అంకెల మధ్య తేడాను గమనించాలి. తొలి వారాల్లో వచ్చే బలంలో ఎక్కువ భాగం, ఉన్న కండను నరాలు మెరుగ్గా వాడుకోవడం వల్ల వస్తుంది, కండ పెరగడం ఆ తర్వాత మెల్లగా జరుగుతుంది. అందుకే మొదటి రెండు నెలల్లో అద్దంలో ఏ మార్పూ కనిపించకపోయినా మానేయకూడదు.

ఈ వ్యాసం మొత్తానికీ ఆధారమైన మాట ఒకటుంది. వయసు మళ్లిన పురుషుడికి నడక ఒక్కటే చాలదు. రోజూ గంట నడిచేవారు కూడా కుర్చీ చేతులను పట్టుకోకుండా లేవలేకపోవడం మనం చూస్తూనే ఉంటాం. నడక గుండెకూ రక్తనాళాలకూ మేలు చేస్తుంది, మనసుకు హాయినిస్తుంది, దాన్ని ఎవరూ మానుకోకూడదు. అయితే కండరం బలపడాలంటే దానికి అలవాటైన దానికన్నా ఎక్కువ బరువు పడాలి. చదునైన దారిలో మామూలు నడక ఆ పని చేయలేదు.

మొదటి మెట్టు: వైద్యుడితో మాట్లాడవలసినవి

ఇప్పటికే చురుగ్గా తిరుగుతూ ఏ జబ్బూ లేనివారు తేలికపాటి వ్యాయామం మొదలుపెట్టడానికి పెద్ద పరీక్షలేవీ అవసరం ఉండవు. గుండె జబ్బు, మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవారు, నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపించేవారు, చిన్న పనికే ఆయాసపడేవారు, ఎప్పుడైనా స్పృహ తప్పినవారు మాత్రం ముందుగా వైద్యుడిని సంప్రదించాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడే బీపీ 180/110 దాటుతుంటే, అది అదుపులోకి వచ్చేవరకు బరువుల జోలికి వెళ్లకూడదు.

పురుషులు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతులు రెండున్నాయి, బిడియం వల్ల చాలామంది ఈ రెండింటినీ దాచిపెడతారు. గజ్జల్లో దగ్గినప్పుడో బరువెత్తినప్పుడో ఉబ్బు కనిపిస్తే అది హెర్నియా కావచ్చు, దాన్ని సర్జన్‌కు చూపించిన తర్వాతే బరువులు ఎత్తాలి. రెండోది ప్రొస్టేట్ కోసం వాడే మందులు. టామ్సులోసిన్ వంటి మందులు వాడేవారికి కూర్చున్న చోటు నుంచి లేచినప్పుడు బీపీ ఒక్కసారిగా తగ్గి కళ్లు తిరగవచ్చు. పక్క మీద నుంచి లేచేటప్పుడు ఒక నిమిషం అంచున కూర్చుని, పాదాలను పైకీ కిందికీ కొన్నిసార్లు ఆడించి, ఆ తర్వాతే నిలబడాలి. మధుమేహం కంటి రెటీనాను దెబ్బతీసి ఉంటే ఊపిరి బిగబట్టి చేసే బరువైన వ్యాయామం ప్రమాదకరం, ఆ సంగతి కంటి వైద్యుడిని అడిగి తెలుసుకోవాలి. ఇన్సులిన్ గానీ, షుగరును బాగా దించే మాత్రలు గానీ వాడేవారు వ్యాయామానికి ముందు షుగరు చూసుకోవాలి, ఎందుకంటే పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను చాలా వేగంగా లాగేసుకుంటుంది.

రెండో మెట్టు: మీ బలాన్ని మీరే కొలుచుకోండి

ఎక్కడున్నామో తెలియకుండా మొదలుపెడితే ముందుకు వెళుతున్నామో లేదో తెలియదు. ఇందుకు యంత్రాలు అక్కర్లేదు. చేతులు లేని, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. రెండు చేతులనూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల పురుషుడు కనీసం 14 సార్లు, 65 నుంచి 74 ఏళ్లవారు 12 సార్లు, 75 నుంచి 79 ఏళ్లవారు 11 సార్లు, 80 నుంచి 84 ఏళ్లవారు 10 సార్లు లేవగలగాలి. అంతకన్నా తగ్గితే కాళ్ల బలం వయసుకు తగినంత లేనట్టే, పడిపోయే ముప్పు కూడా పెరిగినట్టే.

తర్వాత నడక వేగం చూసుకోండి. నేల మీద 4 మీటర్ల దూరం కొలిచి, మీ మామూలు వేగంతో నడవండి. అందుకు 5 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పట్టిందంటే, సెకనుకు 0.8 మీటరుకు మించని ఆ వేగాన్ని వైద్యులు కండర క్షీణత ముదిరిందనడానికి ఒక సూచనగా తీసుకుంటారు. మూడో పరీక్షకు గోడ పక్కన నిలబడి, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు తాకించి, ఒకే గీత మీద నిలబడినట్టు 10 సెకన్లు ఉండగలరేమో చూడాలి. ఈ మూడు ఫలితాలనూ తేదీతో సహా రాసిపెట్టుకుని, ఎనిమిది వారాలకు ఒకసారి మళ్లీ కొలుచుకోండి. బరువు చూసుకోవడం కన్నా ఈ కొలతలు చూసుకోవడమే మీకు ఎక్కువ ఉపయోగమని నా నమ్మకం.

మూడో మెట్టు: బలం పెంచే వ్యాయామాలు

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక మీకుంటే, ఈ భాగమే చదవండి. వారానికి కనీసం రెండు రోజులు, రెండింటి మధ్య 48 గంటల విరామం ఉండేలా ఈ వ్యాయామాలు చేయాలి. మొదలుపెట్టే ముందు అయిదు నుంచి పది నిమిషాలు నడిచి, భుజాలను, తుంటిని, చీలమండలను తేలిగ్గా తిప్పి ఒళ్లు వేడెక్కనివ్వాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది కుర్చీ నుంచి లేవడమే. పరీక్షగా వాడుకున్న దాన్నే ఇప్పుడు వ్యాయామంగా వాడుకోవాలి. కుర్చీ ముందు సగంలో కూర్చుని, పాదాలను తుంటి వెడల్పులో పెట్టి, మడమలను మోకాళ్లకు కాస్త వెనక్కి జరపండి. నడుమును గూని చేయకుండా తుంటి దగ్గర ముందుకు వంగి, ముక్కు కాలివేళ్ల మీదుగా వచ్చాక, మడమలతో నేలను నొక్కుతూ లేవండి. లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒరిగిపోకుండా రెండో వేలు చూపే దిక్కుకే ఉండాలి. పూర్తిగా నిటారుగా నిలబడి పిరుదులను ఒకసారి బిగించి, ఆ తర్వాత మనసులో నాలుగు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోండి. చాలామంది చివరి జానెడు దూరంలో కుర్చీలో కూలబడతారు, ఆ చివరి జానెడులోనే తొడలకు అసలు పని ఉంటుంది కనుక దాన్ని వదులుకోవద్దు. చేతుల సాయం లేకుండా లేవలేకపోతే కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి, బలం వచ్చేకొద్దీ ఆ ఎత్తు తగ్గించండి. 12 సార్లు సునాయాసంగా చేయగలిగినప్పుడు ఒక డంబెల్‌ను గానీ, నీళ్ల సీసాలు వేసిన సంచిని గానీ ఛాతీకి హత్తుకుని చేయండి. ఆ పైన మెట్టు మీద ఒక కాలు పెట్టి, కింది కాలితో తన్నుకోకుండా పైకాలి బలంతోనే ఎక్కి దిగడం మొదలుపెట్టవచ్చు.

రెండోది తుంటి దగ్గర వంగడం. నేల మీది వస్తువును ఎత్తేటప్పుడు నడుము పట్టేసిందని చెప్పేవారిలో చాలామంది తుంటిని కదపకుండా వెన్నును వంచి ఎత్తేవారే. వీపు గోడ వైపు ఉండేలా, గోడకు అడుగు దూరంలో నిలబడండి. మోకాళ్లను కాస్త మాత్రమే మడిచి, పిరుదులతో గోడను తాకడానికి ప్రయత్నించినట్టు తుంటిని వెనక్కి నెట్టండి, వీపు మాత్రం పలకలా ఉండాలి. తొడల వెనక సాగినట్టు అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టే. ఈ కదలిక ఒంటబట్టిన తర్వాతే చేతుల్లో బరువు పట్టుకుని చేయాలి.

మూడోది నెట్టడం. గోడకు చేతులు ఆనించి దండీలు తీయడంతో మొదలుపెట్టి, అవి తేలికయ్యాక నడుము ఎత్తున్న గట్టి బల్ల మీదికి, ఆ తర్వాత నేల మీదికి దిగవచ్చు. అందరూ నేల దాకా వెళ్లనక్కర్లేదు, భుజం నొప్పి ఉన్నవారు బల్ల దగ్గరే ఆగి సార్లు పెంచుకుంటే సరిపోతుంది. నాలుగోది లాగడం. రెసిస్టెన్స్ బ్యాండ్‌ను, అంటే సాగే రబ్బరు పట్టీని, కదలని స్తంభానికి చుట్టి, రెండు కొసలూ పట్టుకుని, భుజపుటెముకలను వెనక్కి దగ్గరగా తెచ్చుకుంటూ మోచేతులను లాగాలి. వయసుతో పాటు ముందుకు వంగిపోయే భుజాలకు నెట్టడం కన్నా లాగడమే ఎక్కువ అవసరం, కాబట్టి ఇది ఒక సెట్టు, అంటే ఒక విడత, ఎక్కువ చేసినా మంచిదే.

పిక్కల గురించి ఎవరూ పట్టించుకోరు. బల్లను వేళ్లతో పట్టుకుని రెండు మడమలనూ పైకెత్తి మెల్లగా దించడం, ఆ తర్వాత వీపును గోడకు ఆనించి మడమలు నేల మీదే ఉంచి కాలివేళ్ల వైపు పాదాన్ని ఎత్తడం, ఈ రెండూ ప్రతిసారీ చేయాలి. నడిచేటప్పుడు పాదం ముందు భాగం సరిగ్గా లేవకపోవడం వల్లే చిన్న ఎత్తుకు కూడా కాలు తట్టుకుంటుంది. చివరగా, రెండు చేతుల్లో సమానమైన బరువులు పట్టుకుని, నిటారుగా, ఇరవై ముప్పై మీటర్లు నడవడం. పట్టు, భుజాలు, నడుము, తుంటి, పిక్కలు అన్నీ ఒకేసారి పనిచేసే వ్యాయామం ఇది. చేతి పట్టు బలం మొత్తం ఒంటి బలానికి మంచి గుర్తు. 2019 నాటి ఐరోపా ప్రమాణాల ప్రకారం పురుషుడి పట్టు 27 కిలోల కన్నా తక్కువ ఉంటే కండర క్షీణతను అనుమానించాలి, ఫిజియోథెరపిస్టు దగ్గర దీన్ని ఒక చిన్న పరికరంతో కొలిపించుకోవచ్చు.

ఎంత బరువు, ఎన్నిసార్లు అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఒక్కో వ్యాయామం 8 నుంచి 12 సార్లు చేస్తే ఒక సెట్టు. మొదటి నెల ఒకటి రెండు సెట్లు, ఆ తర్వాత రెండు మూడు సెట్లు, సెట్టుకూ సెట్టుకూ మధ్య ఒకటి రెండు నిమిషాల విశ్రాంతి ఉండాలి. బరువు సరైనదో కాదో తెలుసుకోవడానికి సెట్టు ముగిసేసరికి మీలో మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఇదే పద్ధతి చెడకుండా ఇంకెన్నిసార్లు చేయగలను? రెండు మూడు సార్లు అనిపిస్తే బరువు సరిగ్గా ఉంది. ఇంకో అయిదారు సార్లు చేయగలననిపిస్తే అది తేలికైన బరువు, దానితో ఎన్ని నెలలు గడిచినా బలం పెద్దగా పెరగదు. పెద్దవారికి తేలికపాటి వ్యాయామమే మేలంటూ అతి చిన్న డంబెల్స్ చేతికిచ్చి ఏళ్ల తరబడి వాటితోనే ఆపేయడం మంచి ఉద్దేశంతో చేసే పెద్ద పొరపాటు. వరుసగా రెండు వ్యాయామపు రోజుల్లో 12 సార్లు సులువుగా చేయగలిగారంటే, తర్వాతి వ్యాయామపు రోజున కొద్దిగా బరువు పెంచాలి. అయితే కండరం కన్నా దాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు నెమ్మదిగా బలపడతాయి. అందువల్ల ఇదివరకు అలవాటు లేనివారు మొదటి నాలుగు వారాలూ చేయగలిగిన దానికన్నా తక్కువతోనే సరిపెట్టుకోవాలి. యవ్వనంలో ఎత్తిన బరువులను గుర్తు చేసుకుని మొదటిరోజే వాటిని అందుకోవాలని చూసేవారికి ఈ మాట మరీ ముఖ్యం.

ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. బిగబడితే ఆ కొన్ని క్షణాల్లో బీపీ బాగా ఎగబాకుతుంది, వెంటనే పడిపోయి కళ్లు తిరగవచ్చు. లేచేటప్పుడు, నెట్టేటప్పుడు, లాగేటప్పుడు ఊపిరి వదలాలి, వెనక్కి వచ్చేటప్పుడు పీల్చాలి. ఇది గుర్తుండకపోతే బయటికి వినపడేలా అంకెలు లెక్కపెట్టండి, మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

నొప్పి విషయంలో రెండు రకాలను వేరుచేసి చూడాలి. వ్యాయామం చేసిన మర్నాడో మూడోనాడో కండలు సలిపినట్టు ఉండడం సహజం, అది తనంతట తానే పోతుంది. కీలులో పొడిచినట్టు వచ్చే నొప్పి, వాపు, మర్నాటి ఉదయానికి కూడా తగ్గని నొప్పి వస్తే ఆ వ్యాయామంలో బరువు తగ్గించాలి, లేదా కదిలే దూరం తగ్గించాలి. మోకాళ్లు అరిగాయని పూర్తిగా మానేయడం సరికాదు. తొడ ముందు కండరం బలపడితే అరిగిన మోకాలి నొప్పి తగ్గుతుందని ఎన్నో పరిశోధనలు చూపాయి, ఇలాంటివారు ఎత్తైన కుర్చీతో మొదలుపెడితే చాలు. ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటతో కూడిన నీరసం, గుండె లయ తప్పినట్టు అనిపించడం జరిగితే మాత్రం వెంటనే ఆపి, అత్యవసర వైద్య సహాయం కోసం పిలవాలి, కాసేపు చూద్దామని ఆగకూడదు.

నాలుగో మెట్టు: వేగం, నిలకడ, నేల మీద నుంచి లేవడం

ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచి కాళ్లు గట్టిపడ్డాక, వేగపు తంతువులకు పని చెప్పాలి. కుర్చీ నుంచి లేవడాన్నే తీసుకుని, అదనపు బరువు లేకుండా, వీలైనంత చురుగ్గా లేచి, మామూలుగానే మెల్లగా కూర్చోండి. ఆరు నుంచి ఎనిమిది సార్లు చేస్తే ఒక సెట్టు, వేగం తగ్గిందనిపించగానే ఆపేయాలి, ఎందుకంటే అలసిపోయి నెమ్మదిగా చేస్తే ఈ వ్యాయామం ఉద్దేశమే నెరవేరదు. మడమలు ఎత్తడాన్ని కూడా ఇలాగే చేయవచ్చు.

నిలకడకు రోజూ అయిదు నిమిషాలు చాలు, వారానికి మూడు రోజులకు మాత్రం తగ్గకూడదు. చేయి చాపితే అందే దూరంలో గట్టి బల్ల ఉండాలి. పాదాలు రెండూ కలిపి నిలబడడం, ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి నిలబడడం, మడమను వేళ్లకు తాకించి నిలబడడం, చివరికి ఒంటికాలి మీద నిలబడడం అనే వరుసలో, ఒక్కోదాన్ని 10 సెకన్ల నుంచి 30 సెకన్ల దాకా పెంచుకుంటూ వెళ్లాలి. అది సులువయ్యాక తలను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ నిలబడండి. దగ్గరికీ దూరానికీ ఒకే కళ్లద్దాలు వాడేవారికి కింది భాగంలో నుంచి చూస్తే మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది కాబట్టి, మెట్లు దిగేటప్పుడు తల వంచి పైభాగంలో నుంచే చూడాలి.

నేల మీద నుంచి లేవడాన్ని అభ్యాసం చేసేవారు అరుదు. పడినప్పుడు తగిలే దెబ్బ ఒక ఎత్తయితే, లేవలేక గంటల తరబడి నేల మీదే ఉండిపోవడం మరో ఎత్తు. మొదటిసారి పక్కన ఎవరైనా ఉన్నప్పుడు, మెత్తటి దుప్పటి పరిచి, దగ్గరలో గట్టి కుర్చీ పెట్టుకుని ఇలా చేయండి. వెల్లకిలా పడుకున్న చోటు నుంచి మోకాళ్లు మడిచి ఒక పక్కకు తిరగండి. కింది మోచేతిని నేలకు నొక్కి, పై అరచేతిని ఛాతీ ముందు ఆనించి, ఒక పక్క పిరుదు మీదికి లేచి కూర్చోండి. అక్కడి నుంచి చేతులూ మోకాళ్ల మీదికి వచ్చి, కుర్చీ దాకా పాకండి. రెండు చేతులూ కుర్చీ మీద పెట్టి, బలమైన కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేలకు ఆనించండి. ఆ పాదంతో నేలను, చేతులతో కుర్చీని ఒకేసారి నొక్కుతూ లేచి, తిరిగి కుర్చీలో కూర్చోండి. నిలబడడానికి తొందరపడకుండా అక్కడ ఒక నిమిషం ఆగండి. వారానికి ఒకసారి ఇలా చేస్తుంటే, నిజంగా పడిన రోజున ఒంటికి దారి తెలిసి ఉంటుంది.

పురుషుల్లో తుంటి ఎముక విరగడం స్త్రీలతో పోలిస్తే తక్కువే. అయితే విరిగిన తర్వాత ఏడాదిలోపు చనిపోయేవారి శాతం పురుషుల్లోనే ఎక్కువ. ఎముకలు గుల్లబారడం స్త్రీల జబ్బు అనుకుని పురుషులు పరీక్ష చేయించుకోరు. చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు, స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవారు, 70 దాటినవారు ఎముక సాంద్రత పరీక్ష గురించి వైద్యుడిని అడగడం అవసరం.

అయిదో మెట్టు: గుండెకూ ఊపిరికీ

65 దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ గానీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేని వేగం మధ్యస్థ శ్రమ. కొన్ని మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే అది గట్టి శ్రమ. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మందులు వాడేవారికి ఎంత శ్రమపడినా నాడి వేగం పెద్దగా పెరగదు కాబట్టి, చేతి గడియారం చూపే అంకెను నమ్మకుండా ఈ మాటల కొలతనే నమ్ముకోవాలి.

ఇప్పటికే నడిచే అలవాటున్నవారు ఆ నడకనే పదునెక్కించుకోవచ్చు. జపాన్‌లోని షిన్షూ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా అయిదు విడతలు వారానికి నాలుగు రోజులు నడిచే పద్ధతిని పెద్దవయసువారితో పరీక్షించారు. ఒకే వేగంతో నడిచినవారి కన్నా వీరికి తొడ బలం, ఊపిరి సామర్థ్యం ఎక్కువగా పెరిగాయి, బీపీ కూడా మెరుగ్గా తగ్గింది. ఈత, సైకిలు కూడా మంచివే, కాకపోతే వాటిలో ఒంటి బరువు ఎముకల మీద పడదు కనుక నడకనో మెట్లెక్కడాన్నో పూర్తిగా వదిలేయకూడదు.

ఆరో మెట్టు: తిండి, నీరు, నిద్ర

వయసు మళ్లిన కండరం ప్రోటీన్‌కు మందకొడిగా స్పందిస్తుంది. యువకుడికి సరిపోయే మోతాదు పెద్దవయసువారికి చాలదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి ఒంటి బరువులో కిలోకు రోజుకు 1.0 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలని నిపుణులు సూచిస్తారు, అంటే 70 కిలోల మనిషికి 70 నుంచి 84 గ్రాములు. దాన్ని ఒకే పూట తినేసే కన్నా పూటకు 25 నుంచి 30 గ్రాముల చొప్పున పంచుకోవడం మేలు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 నుంచి 7 గ్రాములు, వండిన పప్పు 100 గ్రాముల్లో సుమారు 9 గ్రాములు, వండిన చేపలోనో కోడి మాంసంలోనో 100 గ్రాములకు 20 గ్రాములకు పైగా ఉంటుంది. ఈ లెక్కన మీ ఉదయపు తిండిని ఒకసారి చూసుకుంటే, చాలామందికి తగ్గుతున్నది ఆ పూటే అని తెలుస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుడు చెప్పకుండా ప్రోటీన్ పెంచకూడదు.

పొట్ట తగ్గించుకోవాలని తిండి బాగా తగ్గించేవారికి ఒక హెచ్చరిక. బలం పెంచే వ్యాయామం లేకుండా బరువు తగ్గితే, తగ్గిన దానిలో కొవ్వుతో పాటు చెప్పుకోదగినంత కండ కూడా పోతుంది. తర్వాత బరువు తిరిగి పెరిగినా వచ్చేది ఎక్కువగా కొవ్వే. విటమిన్ డి, విటమిన్ బి12 లోపాలు ఈ వయసులో సాధారణం. ముఖ్యంగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గి కాళ్లు తిమ్మిరెక్కడం, నిలకడ తప్పడం జరగవచ్చు కాబట్టి రక్తపరీక్ష చేయించుకోవాలి.

పొడులూ మాత్రలూ అమ్మేవారు చాలామంది ఉన్నారు. వాటిలో బరువుల వ్యాయామంతో కలిపి తీసుకుంటే కొద్దిపాటి మేలు చేస్తుందని గట్టి ఆధారాలున్నది క్రియాటిన్, రోజుకు 3 నుంచి 5 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉంటే అది వద్దు. లేనివారు కూడా రక్తపరీక్షకు ముందు దాన్ని వాడుతున్నట్టు వైద్యుడికి చెప్పాలి, ఎందుకంటే కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్ అంకె దానివల్ల పెరిగి కనిపించవచ్చు. టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను వయసుతో పాటు మెల్లగా తగ్గడం నిజమే. అయితే పరీక్షల్లో లోపం తేలకుండా దాన్ని సొంతంగా తీసుకుంటే రక్తం చిక్కబడడం వంటి ప్రమాదాలున్నాయి, ప్రొస్టేట్‌పై నిఘా కూడా అవసరమవుతుంది. ఆ హార్మోను తగ్గిన మగవారికి కూడా బరువుల వ్యాయామం పనిచేస్తుంది.

రాత్రి పదేపదే మూత్రానికి లేవలసి వస్తుందని పగలంతా నీళ్లు తగ్గించేవారున్నారు. దానివల్ల నీరసం, బీపీ పడిపోవడం, మలబద్ధకం వస్తాయి. పగలు సరిపడా తాగి, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు మాత్రమే తగ్గించాలి, రాత్రి లేచే దారిలో సన్నటి వెలుతురు ఉంచుకోవాలి. నిద్ర చాలకపోతే కండ కోలుకోదు. గట్టిగా గురకపెడుతూ పగలు కునుకుపాట్లు పడేవారు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూపించుకోవాలి.

ఏడో మెట్టు: వారం అమరిక, మధ్యలో ఆగినప్పుడు

సోమవారం, గురువారం బలానికి కేటాయించి, ఒక్కోసారి నలభై నిమిషాలు చాలనుకోండి. మంగళ, బుధ, శుక్ర, శనివారాల్లో నడక, అందులో రెండు రోజులు వేగం మార్చుతూ నడవడం. నిలకడ అభ్యాసాన్ని పళ్లు తోముకునే వేళకు ముడిపెడితే మరిచిపోరు. ఈ వరుస మీ పనులకు కుదరకపోతే మార్చుకోండి, బలం రోజుల మధ్య విరామాన్ని మాత్రం మార్చవద్దు. మొత్తానికి సమయం దొరకని వారంలో నడకను తగ్గించుకుని అయినా కుర్చీ నుంచి లేవడం, లాగడం, బరువులు పట్టుకుని నడవడం అనే మూడింటినీ ఒక్కసారైనా చేయండి.

జ్వరమో, ఆపరేషనో, ప్రయాణమో వచ్చి ఎప్పుడో ఒకప్పుడు ఈ క్రమం తెగక తప్పదు. పడకకు పరిమితమవడం పెద్దవయసులో ఎంత ఖరీదైనదో 2007లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. సగటున 67 ఏళ్ల వయసున్న ఆరోగ్యవంతులు పది రోజులు మంచం మీదే ఉంటే, వారి కాళ్లలో దాదాపు ఒక కిలో కండ పోయింది, మోకాలి బలం సుమారు 16 శాతం తగ్గింది. అందుకే ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా వైద్యులు వద్దనకపోతే భోజనం మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చుని చేయండి, పూటకు అయిదారుసార్లు లేచి నిలబడండి. లేవలేని స్థితిలో పాదాలను పైకీ కిందికీ ఆడించడం, మోకాలిని చాచి తొడను బిగించి అయిదు సెకన్లు ఉంచడం వంటివి చేయవచ్చు. ముందే తేదీ ఖరారైన ఆపరేషను ఉంటే, దానికి ముందున్న వారాలను కాళ్ల బలం పెంచుకోవడానికే వాడుకోండి, వైద్యుడినీ ఫిజియోథెరపిస్టునూ ఈ విషయం మీరే అడగండి.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఆపిన చోట నుంచి కాకుండా, అప్పటి బరువులో సగంతో, ఒక్కో సెట్టుతో మొదలుపెట్టండి. ఒకసారి సంపాదించిన బలం రెండోసారి త్వరగా తిరిగి వస్తుంది కనుక రెండు మూడు వారాల్లో పాత బరువు దగ్గరికి చేరగలుగుతారు. మంచం పట్టి లేచినవారికి ఇంకాస్త ఎక్కువ కాలం పట్టవచ్చు. మొదటిరోజే 30 సెకన్ల కుర్చీ పరీక్ష మళ్లీ చేసి, పాత అంకె పక్కనే కొత్త అంకె రాసి, అక్కడి నుంచి లెక్క కొనసాగించండి.